పెద్దయ్యాక చూద్దామంటే వెన్ను ఆగదు

ఈసారి రాసేది మిర్చి రేటు గురించో తామర పురుగు గురించో కాదు. ఈ మధ్య ఇద్దరు, వేరే వేరే ఊళ్ళ వాళ్ళు, ఫోన్ చేసి ఒకటే సంగతి అడిగారు. పిల్ల వెన్ను ఒక పక్కకి వంకర పోతోందన్నా, డాక్టరు ఇప్పుడే ఆపరేషన్ మొదలుపెట్టాలంటున్నాడు, చిన్నపిల్లకి వెన్నుకి ఆపరేషన్ ఏంది, పెద్దయ్యాక చేయిస్తే సరిపోదా అని. మా దగ్గరి బంధువుల పిల్లకి ఇదే జబ్బు. ఐదో ఏట కనిపెట్టారు, ఇప్పుడు పదో ఏడు నడుస్తోంది. వాళ్ళతో పాటు ఆసుపత్రుల చుట్టూ నేను కూడా తిరిగాను గనక నన్ను అడిగారు. ఈ ఐదేళ్ళలో పెద్ద డాక్టర్లని అడిగి తెలుసుకున్నది, నాకు నేనుగా వెతుక్కుని చదివింది ఇక్కడ పెడుతున్నా. పోస్టు పొడుగే. ఇంట్లో ఎదిగే పిల్లలున్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఈ జబ్బులో పిల్ల ఎదుగుదలే శత్రువు, ఆ ఎదుగుదలే మందు. వంకరగా వదిలేస్తే ఎదిగేకొద్దీ వంకర పెరుగుతుంది. దారిలో పెట్టి ఎదగనిస్తే అదే ఎదుగుదల వెన్నుని నిలబెడుతుంది. అందుకని "పెద్దయ్యాక చూద్దాం" అనే మాట మిగతా ఏ జబ్బులో చెల్లినా దీంట్లో చెల్లదు. ఇంకో మాట కూడా ఉంది, అది ప్రభుత్వానికి చెప్పాల్సింది. ఒకసారి కోసి కుట్టి పంపించే లెక్కతో నడిచే పథకం ఈ జబ్బుకి సరిపోదు. దాని సంగతి కిందకి వచ్చాక రాస్తా.

ముందు జబ్బు ఏందో చూద్దాం. డాక్టర్లు స్కోలియోసిస్ అంటారు. మనోళ్ళు గూని అనేస్తారు గానీ గూని వేరు. గూనిలో వీపు వెనక్కి పొడుచుకొస్తుంది. ఇందులో వెన్ను పక్కకి వంగుతుంది, వంగడంతో ఆగకుండా మెలి కూడా తిరుగుతుంది. ఆ మెలి వల్ల ఒక పక్క పక్కటెముకలు పైకి లేస్తాయి. ఎక్స్‌రే మీద గీతలు గీసి ఎన్ని డిగ్రీలు వంగిందో కొలుస్తారు. 10 డిగ్రీలు దాటితేనే జబ్బు కింద లెక్క. పదేళ్ళు దాటిన పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఎంతో కొంత వంకర ఉంటుందట. అందులో ఎక్కువమందికి ఏ వైద్యమూ అక్కర్లేదు, అప్పుడప్పుడు చూపించుకుంటే చాలు. ఆపరేషన్ దాకా పోయేది కొద్దిమందే. ఆ కొద్దిమందిలో ఆడపిల్లలే చాలా ఎక్కువ.

మన వైపు వెన్ను అనగానే నీళ్ళ మీదకి పోతారు. వినుకొండ, బొల్లాపల్లి పక్క ఊళ్ళల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుములు పట్టేసిన పెద్దవాళ్ళని చూసినవాళ్ళం గనక అట్టా అనుకోవడం సహజం. అది కీళ్ళు, వెన్ను బిగుసుకుపోయే జబ్బు, ఏళ్ళ తరబడి తాగితే వచ్చేది. బాగానే ఆడుకుంటున్న ఏడేళ్ళ పిల్ల వెన్ను పక్కకి పోవడం దానివల్ల కాదు. పుస్తకాల సంచి బరువనీ, చంకలో బిందె మోసిందనీ, ఒకే పక్కకి పడుకుంటుందనీ, కడుపుతో ఉన్నప్పుడు తల్లి గ్రహణం చూసిందనీ చెప్తారు. ఇవేవీ కారణాలు కావు. పిల్లల్ని, తల్లిని తిట్టడం దయచేసి ఆపండి. కొందరికి పుట్టుకతోనే ఒక పూస సగమే తయారవుతుంది. కొందరికి కండరాల, నరాల జబ్బుల వెంట వస్తుంది. ఎక్కువమందికి కారణం ఇంతవరకూ ఏ దేశంలోనూ తేలలేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. వెన్నులో నొప్పి, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం ఉంటే అది వెన్ను టీబీ కావచ్చు. దాని వైద్యం వేరే, అది ఇంకా తొందరగా చూపించాల్సింది.

ఇప్పుడు అసలు సంగతి, వయసు. పుట్టిన దగ్గర నుంచి ఐదేళ్ళ లోపు వెన్ను సుమారు 10 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఐదు నుంచి పదేళ్ళ మధ్య నెమ్మదిస్తుంది, ఒక 5 సెంటీమీటర్లు. పదేళ్ళు దాటాక ఎదుగుదల ఆగేలోపు మళ్ళీ ఒక 10 సెంటీమీటర్లు. అంటే రెండు ఉరుకులు, మధ్యలో నడక. వంకర కూడా ఈ రెండు ఉరుకుల్లోనే ఎక్కువ ముదురుతుంది. ఇంకో ముఖ్యమైన విషయం, ఊపిరితిత్తుల్లో గాలి గదులు ఎక్కువగా తయారయ్యేది మొదటి ఎనిమిదేళ్ళలోనే. ఆ ఏళ్ళలో ఛాతీ గూడు వంకరపోయి ఇరుకైతే ఊపిరితిత్తి ఎదగడానికి చోటుండదు. 1992లో స్వీడన్ డాక్టర్లు, వైద్యం చేయించుకోకుండా వదిలేసినవాళ్ళ మీద ఒక పరిశీలన ప్రచురించారు. పదేళ్ళ తర్వాత వంకర మొదలైనవాళ్ళు మిగతా జనంలాగే బతికారు. పసితనంలో, చిన్నతనంలో మొదలైనవాళ్ళలో తొందరగా పోయినవాళ్ళు ఎక్కువ. పద్నాలుగేళ్ళ పిల్ల వంకరకీ నాలుగేళ్ళ పిల్ల వంకరకీ అంత తేడా ఉంది. పెద్దదానిది చాలావరకు రూపు సంగతి, చిన్నదానిది ఊపిరి సంగతి.

అట్టాంటప్పుడు చిన్నతనంలోనే వెన్నంతా రాడ్డు పెట్టి బిగించేస్తే పోదా అని అడగొచ్చు. ఒకప్పుడు అదే చేశారు. వంకరగా పొడుగు అవడం కన్నా పొట్టిగా నిటారుగా ఉండడం మేలు అనుకున్నారు. పూసల్ని ఒకదానికొకటి అతికించేస్తే ఆ భాగం ఇక పెరగదు. వెన్ను పెరక్కపోతే ఛాతీ పెరగదు. 2008లో అమెరికాలో డాలస్ డాక్టర్లు, తొమ్మిదేళ్ళు నిండకముందే అట్టా అతికించిన పిల్లల్ని పెద్దయ్యాక పిలిచి ఊపిరి పరీక్ష చేశారు. ఛాతీ దగ్గరి వెన్ను పొడవు 18 సెంటీమీటర్లు కూడా చేరని వాళ్ళలో సగానికి పైగా పిల్లలకి ఊపిరి సామర్థ్యం ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. దాంతో ఆలోచన మారింది. చిన్నపిల్లల్లో వంకరని ఆపాలి, వెన్నుని పెరగనివ్వాలి, ఈ రెండూ ఒకేసారి జరగాలి.

మొక్కై వంగనిది మానై వంగునా అని మనం ఊరికే అంటామా. తమాషా ఏందంటే 1741లో ఫ్రాన్సులో నికొలా ఆండ్రీ అనే డాక్టరు పిల్లల ఎముకల వంకరల మీద పుస్తకం రాస్తూ అందులో ఒక బొమ్మ వేయించాడు. వంకర మొక్క, పక్కన నిటారు కర్ర, రెంటినీ కలిపి తాడుతో కట్టిన కట్టు. ఈ రోజుకీ ప్రపంచం మొత్తంలో ఎముకల డాక్టర్ల గుర్తు ఆ బొమ్మే. ఈసారి ఎముకల డాక్టరు దగ్గరికి పోయినప్పుడు గోడ మీద చూడండి, చాలాచోట్ల ఉంటుంది. బొప్పాయికో నిమ్మ మొక్కకో ఊతకర్ర పాతినవాళ్ళకి ఈ వైద్యం అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కర్ర మొక్కని పెంచదు. మొక్క తనే పెరుగుతుంది. కర్ర చేసే పని పక్కకి పోనివ్వకపోవడమే.

రెండు మూడేళ్ళ లోపు పిల్లలకైతే అసలు కోతే అక్కర్లేకపోవచ్చు. మత్తిచ్చి, మెలి తిప్పి సరిచేసి, నడుము నుంచి ఛాతీ దాకా ప్లాస్టర్ కట్టు వేస్తారు. రెండు మూడు నెలలకోసారి విప్పి కొత్తది వేస్తారు. లండన్‌లో మిన్ మెహతా అనే డాక్టరమ్మ ఏళ్ళ తరబడి ఈ పని చేసి 2005లో 136 మంది పిల్లల లెక్క బయటపెట్టింది. వంకర మొదట్లోనే, సగటున ఏడాదిన్నర వయసులో తెచ్చిన 94 మందికి వెన్ను పూర్తిగా సరైపోయింది. ఆలస్యంగా, సగటున రెండున్నరేళ్ళకి తెచ్చిన 42 మందికి తగ్గింది గానీ పోలేదు. వాళ్ళల్లో 15 మందికి తర్వాత వెన్ను అతికించే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఈ లెక్క ఒక్కటి మనసులో పెట్టుకోండి. రెండు గుంపుల మధ్య తేడా ఒక్క ఏడాది. "బిడ్డ ఇంకా పసిది, నడక రానీయండి, అదే సర్దుకుంటుంది" అని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే ఏడాది సరిగ్గా అదే. పసిపిల్లల్లో కొన్ని వంకరలు వాటంతట అవే సర్దుకునే మాట నిజమే. ఏది సర్దుకుంటుందో ఏది ముదురుతుందో పక్కటెముకల కోణం కొలిచి చెప్పే పద్ధతి కూడా ఆమె పెట్టిందే. అది ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పాలి, అరుగు మీద కూర్చుని మనం కాదు.

కొందరు కట్టు అనగానే పుత్తూరు కట్టు దాకా పోయొస్తారు. విరిగిన ఎముక వేరు, పెరుగుతున్న వెన్ను వేరు. మసాజులు, నూనెలు, పసరు కట్లు, మెడకి బరువులు కట్టి లాగడం, ఇవన్నీ కాలం తినేస్తాయి. ఈ జబ్బులో డబ్బు పోతే సంపాదించుకోవచ్చు, పోయిన ఎదుగుదల తిరిగి రాదు.

ప్లాస్టర్‌తో, బెల్టుతో ఆగకుండా వంకర ముదిరిపోతుంటే, పిల్ల ఇంకా చిన్నదైతే, అప్పుడు వచ్చేది పెరిగే రాడ్లు. మా పిల్లకి వేసింది ఇవే గనక కాస్త వివరంగా రాస్తా. వంకరకి పైన రెండు మూడు పూసల్లో, కింద రెండు మూడు పూసల్లో మరలు బిగిస్తారు. మధ్య పూసల్ని ముట్టుకోరు, అతికించరు. పైనా కిందా కలుపుతూ లోపల రెండు రాడ్లు వేస్తారు. ఆ రాడ్లని జారుడు కొక్కెం లాంటి దాంతో జతచేస్తారు. ఆరు నెలలకోసారి మళ్ళీ మత్తిచ్చి, చిన్న కోత కోసి, ఆ జత దగ్గర వదులు చేసి, సుమారు ఒక సెంటీమీటరు సాగదీసి మళ్ళీ బిగిస్తారు. పిల్ల పెరిగిన మేరకి రాడ్డు పెరుగుతుందన్నమాట. పదీ పన్నెండేళ్ళ దాకా ఇట్టా లాక్కొచ్చి, చివర్లో ఒక పెద్ద ఆపరేషన్ చేసి అతికించేస్తారు.

వినడానికి బాగుంది, నడపడం కష్టం. ఆరో ఏట మొదలుపెడితే పదిసార్లు పైనే థియేటర్‌లోకి పోవాలి. పోయిన ప్రతిసారీ చీము పట్టే భయం ఉంది. రాడ్డు విరగొచ్చు, మర ఊడొచ్చు. మా పిల్లకి ఒక రాడ్డు విరిగింది, మార్చారు. 2010లో అమెరికా డాక్టర్లు లెక్క తీస్తే, ఒక్కో ఆపరేషన్ పెరిగేకొద్దీ ఏదో ఒక చిక్కు వచ్చే అవకాశం 24 శాతం చొప్పున పెరిగింది. మొదలుపెట్టడం ఒక్కో ఏడాది వెనక్కి జరిపేకొద్దీ 13 శాతం చొప్పున తగ్గింది. పైగా మొదట్లో సాగినంత తర్వాత్తర్వాత సాగదు, వెన్ను బిగుసుకుంటుంది. అందుకే మంచి డాక్టరు రాడ్లకి తొందరపడడు. ప్లాస్టరుతోనో బెల్టుతోనో రెండేళ్ళు నెట్టుకురాగలిగితే అదే లాభం అంటాడు. ఇక్కడ జాగ్రత్తగా చదవండి. డాక్టరు కట్టు కట్టి, ఎక్స్‌రే తీసి, ఆరు నెలలకి రమ్మని చెప్పి ఆగడం వేరు. మనం ఏమీ చేయకుండా పెద్దయ్యాక చూద్దామని ఆగడం వేరు. మొదటిది వైద్యం, రెండోది వదిలేయడం. చాలామంది డాక్టరు "ఇంకా ఆగుదాం" అన్న మాటని "ఇక రానక్కర్లేదు" అని విని ఇంటికొస్తారు.

మాటిమాటికీ కోత లేకుండా చేయడానికి వేరే దారులు కూడా వచ్చాయి. రాడ్డు లోపల అయస్కాంతం పెట్టి, వీపు మీద బయట నుంచి మిషను ఆనించి సాగదీసే పద్ధతిని హాంకాంగ్ డాక్టర్లు 2012లో ప్రపంచానికి చెప్పారు. కోత లేదు, మత్తు లేదు, పిల్ల లేచి ఇంటికి పోవచ్చు. ఇక సమస్య తీరిందనుకున్నారు. తర్వాత బయటికి తీసిన రాడ్లు చూస్తే లోపల అరుగుదల, చుట్టూ నల్లటి లోహపు పొడి కనబడ్డాయి. 2020లో బ్రిటన్‌లో కొత్తగా అమర్చడం ఆపించారు. దాని ఖరీదు కూడా మనలాంటివాళ్ళకి అందేది కాదు. అమెరికాలో మెకార్తీ అనే డాక్టరు ఇంకో దారి పట్టాడు. వంకర బాగా ఉన్న మధ్య భాగాన్ని మాత్రమే అతికించి, పైనా కిందా మరలలో రాడ్డు జారేటట్టు వదిలేస్తాడు. పిల్ల పెరుగుతుంటే రాడ్డు వెంట మరలు జారతాయి. షిల్లా పద్ధతి అంటారు. పక్కటెముకలు అతుక్కుపోయి పుట్టిన పిల్లలకి క్యాంప్‌బెల్ అనే డాక్టరు టైటానియం పక్కటెముక తయారుచేశాడు, 2004లో అమెరికా ప్రభుత్వం అనుమతిచ్చింది. పుట్టుకతో సగం పూస ఉన్నవాళ్ళలో కొందరికి, అది ఒక్కటే ఉంటే, చిన్నతనంలోనే దాన్ని తీసేసి అక్కడి రెండు పూసల వరకే అతికిస్తారు. మిగతా వెన్ను మామూలుగా పెరుగుతుంది. అట్టాంటి పిల్లలకి గుండె, మూత్రపిండాలు, వెన్నుపాము కూడా చూడకుండా ఆపరేషన్‌కి ఒప్పుకోవద్దు. ఇవన్నీ లోపలే కలిసి తయారయ్యే రోజుల్లో లోపం వస్తుంది గనక ఒకటి ఉంటే ఇంకోటి ఉండొచ్చు.

ఇప్పుడు కొత్తగా పెద్ద ఊళ్ళ ఆసుపత్రుల్లో చెప్తున్నది తాడు పద్ధతి. పూస ఎముక మీద ఒత్తిడి ఉన్న పక్క నెమ్మదిగా పెరుగుతుంది, ఒత్తిడి లేని పక్క తొందరగా పెరుగుతుంది. వంకర ముదరడానికి కారణం ఇదే. దీన్నే తిరగేసి వాడుకుంటారు. వంకర బయటికి ఉబ్బిన పక్క పూసలకి మరలు బిగించి గట్టి తాడుతో లాగి కడతారు. ఆ పక్క నెమ్మదిస్తుంది, లోపలి పక్క పెరిగి అందుకుంటుంది. వెన్ను వంగే గుణం పోదు. 2019 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే ఎదుగుదల ఇంకా మిగిలి ఉన్న పదేళ్ళు పైబడిన పిల్లలకే పనికొస్తుంది, అదీ ఓ మాదిరి వంకరకే. తాడు తెగడం మామూలుగా జరుగుతోంది. మరీ చిన్నపిల్లకి కడితే అవతలి పక్కకి వంగిపోయే ప్రమాదం కూడా ఉంది. కొత్తదని ఎగబడొద్దు, కొత్తదని కొట్టిపారేయొద్దు. మీ పిల్లకి ఎదుగుదల ఎంత మిగిలిందో చేతి ఎక్స్‌రేతోనో తుంటి ఎముక ఎక్స్‌రేతోనో చూసి చెప్పమనండి. ఆ మాట ఎత్తకుండా తాడు కడతాననే చోట నుంచి లేచి రండి.

ఇక పది పన్నెండేళ్ళ ఆడపిల్లల సంగతి. నాకు బాధ కలిగేది ఇక్కడే. చాలా ఇళ్ళల్లో ఈ జబ్బు బయటపడేది పిల్ల పెద్దమనిషి అయినప్పుడు. ఓణీ వేస్తుంటే ఒక భుజం ఎత్తుగా కనబడుతుంది, జాకెట్టు కుట్టే ఆమె "అమ్మా, కొలత రెండు పక్కలా ఒకటి రావట్లేదు" అంటుంది. అప్పటికి పిల్ల ఎదుగుదల ఉరుకు అయిపోయే దారిలో ఉంటుంది. ఆడపిల్ల బాగా సాగేది పెద్దమనిషి అవడానికి ముందు ఏడాదిలోనే, ఆ తర్వాత మిగిలేది రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ మనోళ్ళు దాచడానికి వాడతారు. నలుగురికీ తెలిస్తే రేపు సంబంధం రాదని. ఫంక్షన్‌కి రెండు మూడు లక్షలు పెట్టే ఇంట్లో ఒక నిలువు ఎక్స్‌రే తీయించరు.

ఆ వయసులో 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే బెల్టు పనిచేస్తుంది. ఇది ఎవరో చెప్పిన మాట కాదు. అమెరికా, కెనడాలో 10 నుంచి 15 ఏళ్ళ పిల్లల మీద చేసిన పెద్ద పరీక్ష 2013లో వచ్చింది. బెల్టు వేసుకున్నవాళ్ళలో 72 శాతం మందికి వంకర ఆపరేషన్ దాకా పోలేదు. వేసుకోనివాళ్ళలో 48 శాతం మందికే అట్టా ఆగింది. తేడా అంత స్పష్టంగా ఉందని పరీక్షని మధ్యలోనే ఆపేశారు. రోజుకి 13 గంటలు పైన వేసుకున్నవాళ్ళలో నూటికి 90 మందికి ఫలితం వచ్చింది. మన పల్నాడు ఎండల్లో, 44 డిగ్రీల మే నెలలో, ప్లాస్టిక్ బెల్టు ఛాతీకి బిగించుకుని ఉండడం ఎంత కష్టమో నాకు తెలుసు. లోపల పల్చటి నూలు బనియను వేయండి, చెమటకి రోజుకి రెండుసార్లు మార్చండి. బడి టైములో కుదరకపోతే సాయంత్రం నుంచి తెల్లారేదాకా లెక్క పూర్తి చేయించండి. పిల్ల ఏడుస్తుంది. తోటి పిల్లలు నవ్వుతారు. హెడ్ మాస్టారుతో ఒక మాట చెప్పి రావడం తండ్రి పని. తల్లికి వదిలేయకండి.

అదీ దాటిపోయి 45, 50 డిగ్రీలకి పోతే అతికించే ఆపరేషన్ తప్పదు. 50 దాటిన వంకర ఎదుగుదల ఆగాక కూడా ఏడాదికి ఒక డిగ్రీ చొప్పున పోతూనే ఉంటుంది. పెద్దపిల్లకి ఆ ఆపరేషన్ మంచి ఆపరేషనే, భయపడాల్సింది కాదు. కాళ్ళు పడిపోతాయని ఊళ్ళో అంటారు. ఆ ప్రమాదం అసలు లేదని చెప్పను, చాలా తక్కువ. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నరాలు పనిచేస్తున్నాయో లేదో చూపించే మిషను ఉంటుంది, ఆసుపత్రిలో అది ఉందా అని ముందే అడగండి. ఇది అడగడానికి సిగ్గుపడొద్దు. ట్రాక్టరు కొనేటప్పుడు పది ప్రశ్నలు అడుగుతాం.

ఇప్పుడు ప్రభుత్వానికి చెప్పాల్సింది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం వల్ల మన ఊళ్ళల్లో ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో అందరికీ తెలుసు, దాన్ని తక్కువ చేయను. కానీ అది ఒక జబ్బుకి ఒక ప్యాకేజీ అనే లెక్క. గుండెకి, కిడ్నీ రాయికి ఆ లెక్క సరిపోతుంది. ఆరేళ్ళ పిల్లకి వేసిన రాడ్డు మళ్ళీ ఆరు నెలలకి సాగదీయాలి, ఆ తర్వాత ఆరు నెలలకి మళ్ళీ. మధ్యలో ఎక్స్‌రేలు, విరిగితే మార్చడం, చివరి ఆపరేషన్. ఇది ఒక ఆపరేషన్ కాదు, ఆరేడేళ్ళ సేద్యం. విత్తనానికి డబ్బిచ్చి నీళ్ళకి ఇవ్వనంటే పంట ఏమవుతుందో మనకి చెప్పాలా. పిల్ల పేరు మీద ఎదుగుదల ఆగేదాకా ఒకే ఫైలు, ఒకే మంజూరు ఉండాలి. బెల్టు, ప్లాస్టరు కూడా అందులోకే రావాలి. ఎందుకంటే బెల్టుకి పెట్టే కొద్ది డబ్బు లక్షల ఆపరేషన్‌ని తప్పిస్తుంది. మొదలుపెట్టే ముందు ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని సూటిగా అడగండి. ఇది ఎన్నిసార్లకి వర్తిస్తుంది, సాగదీతకి మళ్ళీ అనుమతి వస్తుందా, రాడ్డు విరిగితే ఎవరిది అని. మొదటి ఆపరేషన్ ఉచితమని విని మురిసిపోయి, మూడోదానికి చేతిలో డబ్బులేక ఆగిపోతే రాడ్డు పొట్టిదై పిల్లకి అదే సంకెల అవుతుంది.

ప్రయాణం, కూలి నష్టం ఎవరి లెక్కలోకీ రావు. మా వాళ్ళకి ఒకసారి సాగదీత తారీఖు సరిగ్గా మిరపకోతల్లో పడింది. కూలోళ్ళు దొరక్క కాయ చెట్టుమీదే ఎండుతుంటే తల్లీతండ్రీ ఇద్దరూ కల్లం వదిలి వారం రోజులు ఎట్టా పోతారు. నాలుగు నెలలు వెనక్కి పోయింది. అప్పటినుంచి మా వాళ్ళు డాక్టరుతో చెప్పి తారీఖులు జూన్‌కీ డిసెంబరు మొదటికీ పెట్టించుకున్నారు. డాక్టరు సంతోషంగా ఒప్పుకున్నాడు. మన పంటల క్యాలెండరు వాళ్ళకి తెలియదు, మనం చెప్పాలి.

ఇంకోటి కొంచెం కటువుగా ఉంటుంది, ఏమనుకోవద్దు. ఇట్టాంటి పిల్ల ఉందంటే ఊళ్ళో మొదట వచ్చే సలహా "సదరం సర్టిఫికెట్ చేయించు, నెలకి 6 వేలు పింఛను వస్తుంది" అని. అర్హత ఉంటే తీసుకోండి, అది హక్కు. కానీ సర్టిఫికెట్ కోసం నాలుగుసార్లు తిరిగిన కుటుంబం వెన్ను డాక్టరు దగ్గరికి ఒక్కసారి కూడా పోకపోవడం నేను చూశాను. వంకర పోతే పింఛను పోతుందేమో అని లోపల్లోపల అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. పేదరికం అట్టా ఆలోచింపజేస్తుంది, వాళ్ళని తిట్టను. ఆ పిల్ల ముప్పయ్యో ఏట ఊపిరందక మెట్లెక్కలేని రోజున ఆ 6 వేలు ఏ మూలకి వస్తాయో మాత్రం అడుగుతాను.

బడుల్లో చూడడం సంగతి. కేంద్రం 2013లో మొదలుపెట్టిన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకి ఒకసారి వచ్చి పిల్లల్ని చూడాలి. కళ్ళు, పళ్ళు, గుండె చూసేవాళ్ళు వీపు కూడా చూడమని మన పాఠశాల కమిటీల్లో అడగాలి. పిల్లని చొక్కా తీయించి, కాళ్ళు దగ్గర పెట్టించి, రెండు చేతులూ జోడించి ముందుకి వంగమంటే, వెనక నుంచి చూసినప్పుడు వీపు ఒక పక్క గట్టులాగా లేస్తే అనుమానం. ఆడంస్ అనే డాక్టరు 1865లో చెప్పిన పరీక్ష ఇది. అర నిమిషం పని, పైసా ఖర్చు లేదు. ఆడపిల్లల్ని ఆడవాళ్ళే చూడాలి, అది వేరే చెప్పక్కర్లేదు. అందరు పిల్లలకీ ఇట్టా పరీక్ష పెట్టడం లాభమో కాదో తేల్చడానికి ఆధారాలు చాలవని 2018లో అమెరికా నిపుణుల సంఘం అంది. వాళ్ళ పిల్లలకి ఏటా చూసే డాక్టరు ఉంటాడు. మన పిల్లలకి జ్వరం వస్తే తప్ప వీపు మీద ఎవరి చెయ్యీ పడదు. అక్కడి లెక్క ఇక్కడికి అతకదని నా ఉద్దేశం.

ఎక్కడికి పోవాలని అడిగినవాళ్ళకి. మొదట గుంటూరు పెద్దాసుపత్రిలో గానీ, మంగళగిరి ఎయిమ్స్‌లో గానీ ఎముకల విభాగంలో చూపించండి. తిరుపతిలో దేవస్థానం వాళ్ళ బర్డ్ ఆసుపత్రి 1985 నుంచి అంగవైకల్యాల వైద్యం చేస్తోంది. హైదరాబాద్ నిమ్స్, వెల్లూరు సీఎంసీ, కోయంబత్తూరు గంగా ఆసుపత్రి, ఇవి పెద్దవి. ఎక్కడికి పోయినా పిల్లల వెన్ను వంకరలే చూసే డాక్టరు ఎవరని అడిగి ఆయన దగ్గరికే పోండి. పెద్దల నడుం నొప్పికి ఆపరేషన్లు చేసే డాక్టరు ఎంత పేరున్నవాడైనా ఇది వేరే పని. ఎక్స్‌రే నిలబెట్టి తీయించాలి, మెడ నుంచి తుంటి దాకా ఒకే ఫిల్ములో. పడుకోబెట్టి తీస్తే వంకర తక్కువ చూపిస్తుంది. పాత ఫిల్ములు ఒక్కటీ పారేయకండి. ఆరు నెలల్లో ఎన్ని డిగ్రీలు పెరిగిందన్నదాని మీదే డాక్టరు నిర్ణయం ఉంటుంది. ఒకచోట తీసింది ఇంకోచోట చూపిస్తే పిల్లకి మళ్ళీ మళ్ళీ రేడియేషన్ తగలకుండా ఉంటుంది. ఫిల్ములు పాత క్యాలెండరు అట్టల మధ్య పెట్టి బీరువా పైన పడుకోబెట్టండి, చుట్ట చుట్టొద్దు.

ఇక ఒక మనవి. దయచేసి నాకు ఎక్స్‌రే ఫోటోలు పంపకండి. మొన్న ఒక తమ్ముడు రాత్రి పదకొండింటికి నాలుగు పంపి ఎన్ని డిగ్రీలన్నా అని అడిగాడు. పత్తికి పట్టిన పురుగు ఫోటో పంపితే ఏదో ఒకటి చెప్పగలను గానీ, ఇది కొలిచే చెయ్యి నాది కాదు. ఆ తమ్ముడికి చెప్పిందే అందరికీ. సోమవారం పొద్దున్నే పిల్లని తీసుకుని గుంటూరు బండి ఎక్కండి.